ఆడి చూపించని పడటం

పోటీలు ముగిసిన సాయంత్రం స్కేటర్ల గదిలోకి అడుగుపెడితే ముందు వాసన కొడుతుంది. తడి మేజోళ్లు, నొప్పుల మందు, జుట్టుకి పట్టించిన జిగురు, వాటి మధ్య చాక్లెట్ కేకు. పొద్దున్నంతా మంచు మీద హంసల్లా తిరిగిన పిల్లలు అప్పటికి లాడ్జి గదిలో నేల మీద కూలబడి, ఐసు నీళ్ల బకెట్లలో కాళ్లు ముంచుకుని, చెంచాలు కూడా లేకుండా కేకు తింటుంటారు. నెలల తరబడి నోరు కట్టుకున్నవాళ్లు. ఆ ఒక్క పూటా వాళ్లని ఎవరూ ఏమీ అనరు.

నేను ఆ జట్టుకి బట్టలు కుట్టేదాన్ని. ఊడిన పూసలు కుట్టడానికి వెంట వెళ్లేదాన్ని కాబట్టి ఆ గదిలో నాకూ ఒక కుర్చీ ఉండేది. అందరికీ పిన్నినే.

ఆ గదికి పెద్ద దిక్కు బొంగరం. ఒంటికాలి మీద తిరుగుతుంటే మొహం ఎటుందో తెలిసేది కాదు, అందుకని ఆ పేరు. పాతికేళ్లు దాటాయి. ఆ ఆటలో అది ముసలితనం కిందే లెక్క. తెల్లవారుజామున మంచు మీద సాధన, తర్వాత పొద్దుగూకేదాకా చెప్పుల దుకాణంలో పని. పతకం ఏనాడూ రాలేదు, నాలుగో స్థానమో ఐదో స్థానమో. "నాలుగో స్థానానికి నా పేరున పట్టా ఉంది పిన్నీ, ఎవడొచ్చినా ఖాళీ చేయించలేడు," అనేది.

ఆ గదిలో ఒక ఆట ఉండేది. పెట్టింది బొంగరమే. మార్కుల మాట ఎత్తకూడదు, ఎత్తినవాళ్లు అందరి బూట్ల కింది బ్లేడ్లూ తుడవాలి. ఆ రోజు మంచు మీద పడ్డవాళ్లు ఆ పడటాన్ని కార్పెట్ మీద మళ్లీ పడి చూపించాలి. ఎవరిది వాళ్లే. ఎలా ఎగిరారో, ఎక్కడ జారారో, లేచేటప్పుడు ఏడుపు మింగి ఎలా నవ్వారో, అంతా. మిగతావాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి చప్పట్లు కొట్టాలి. దాంతో పీడ వదిలినట్టు.

"ఆడి చూపించని పడటం మంచు మీదే కూర్చుని ఉంటుందర్రా. మళ్లీ వెళ్తే కాలు పట్టుకుంటుంది," అని కొత్తవాళ్లని భయపెట్టేది. నవ్వుతూనే అనేది. అయినా ఒక్కరూ తమ వంతు ఎగ్గొట్టేవాళ్లు కాదు.

నేను చెబుతున్న రోజున బొంగరం మొదటి గెంతులోనే పడింది. వెంటనే లేచింది, తక్కినదంతా తప్పు లేకుండా పూర్తి చేసింది. ఐదో స్థానం. కానీ ఏళ్లుగా కాచుకున్న కబురు ఆ రోజే వచ్చింది. ఊరూరా మంచు ప్రదర్శనలిచ్చే కంపెనీవాళ్లు ఆమె తిరగడం చూసి ముచ్చటపడ్డారు. మర్నాడు పొద్దున ఒక్కతే చేసి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. ఇక ఎవరి పాదాలకీ చెప్పులు తొడగక్కర్లేదు.

గదిలోకి రాగానే చిట్టి ఆమె మెడకి వేలాడింది. జట్టులో అందరికన్నా చిన్నది, ఆ రోజు వెండి పతకం తనదే.

"అక్కా, కంపెనీలో చేరాక మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా?"

"నువ్వెవరే?" అంది బొంగరం.

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె మంచం అంచున కూర్చుని అరటిపండు ఒలిచింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఒలిచింది. దాన్నీ పక్కన పెట్టి మూడోది అందుకుంది. "పిన్నీ, నా వంతు అయిందా?" అని అడిగింది. ఆట ఇంకా మొదలే కాలేదమ్మా అన్నాను. కాసేపయ్యాక, అదే గొంతుతో, మళ్లీ అదే మాట అడిగింది. పాపం అలసిపోయింది అనుకున్నాను.

ముందు, మేం పొడుగోడని పిలిచే కుర్రాడు లేచాడు. జారిపోయి మంచు చుట్టూ ఉన్న గట్టుకి గుద్దుకుని, ఎదురుగా జడ్జిగారు కనబడితే బాగున్నారా అన్నట్టు తలాడించాడట. అది ఆడి చూపిస్తుంటే ఒకమ్మాయికి కేకు గొంతుకి అడ్డం పడింది.

తర్వాత బొంగరం. గది మధ్యకి వచ్చింది, ఎడమ మోచేతి దగ్గర దేన్నో కుడిచేత్తో వెనక్కి లాగి పట్టుకుంది, ఎగిరింది, కుడి పక్కకి మణికట్టు మీద పడింది. నవ్వులు, ఈలలు.

నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ లాగి పట్టుకోవడం, రెక్కల్లా వేలాడే చేతులున్న పాత గౌనుది. ఆ చేతులు గాలిలో అడ్డం వస్తున్నాయని అలా పట్టుకునేది. అది ఎప్పుడో ఆమె పడి మణికట్టు విరిగిన ఏటి గౌను. ఇవాళ్టి గౌనుకి అసలు చేతులే లేవు.

"అక్కా, పాత సరుకు అంటగడుతున్నావా? ఇవాళ్టిది చూపించు!" అని అరిచాడు పొడుగోడు.

"ఇవాళ్టిదే కదరా," అంది బొంగరం.

మళ్లీ నవ్వులు. చిట్టి మాత్రం నవ్వలేదు.

"అక్కా, ఇవాళ నువ్వు వెనక్కి పడ్డావు."

"మార్కుల మాట! బ్లేడ్లు తుడువు!" అన్నారెవరో.

"మార్కులు కాదు. నీ తర్వాత వంతు నాదే కదా, గట్టు దగ్గరే నిలబడి ఉన్నాను. నీ తల మంచుకి కొట్టుకుంది. ఆ చప్పుడు విన్నాను. లేచావు కదా అని..." అంది చిట్టి.

లేచావు కదా. ఆ ఆటవాళ్ల గుడ్డితనమంతా ఆ మాటలోనే ఉంది. నడక వచ్చిన నాటి నుంచీ వాళ్లకి నేర్పేది పడగానే లేవడం. లేచిన మనిషికి దెబ్బ తగిలి ఉంటుందని వాళ్లలో ఎవరికీ తోచదు.

"అలాగా? సరే, చేస్తా," అని బొంగరం మళ్లీ గది మధ్యకి వచ్చింది. చేతులు చాపింది. దించింది. మళ్లీ చాపింది. "పాట ఏది?" అంది. బకెట్లో ఐసు ముక్క ఒకటి విరిగిన చప్పుడు వినబడింది.

"ఇవాళ నేను పడలేదు కదా?" అంది మా అందరివైపూ చూస్తూ.

చిట్టి బకెట్ తన్నేసి, తడికాళ్లతోనే కోచ్ కోసం పరుగెత్తింది.

అప్పుడు బొంగరానికి కోపం వచ్చింది. "సార్‌ని ఎందుకు పిలవడం? రేపు ప్రదర్శన ఉంది నాకు. ఆసుపత్రి అంటే వాళ్లు ఇంకొకర్ని పెట్టుకుంటారు. పిన్నీ, నా బూట్లివ్వు."

బూట్లు ఒళ్లోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇవ్వలేదు. అన్నేళ్లలో ఆమె ఏదైనా అడిగితే కాదన్నది అదొక్కసారే.

కోచ్ వస్తూనే, "పడితే పడింది, కాస్త పడుకుంటే సర్దుకుంటుంది," అన్నాడు. ఆమె గడ్డం పట్టుకుని మొహం దీపంవైపు తిప్పాడు. ఒక కంటిపాప చిన్నగా ఉంది, రెండోది కన్నంతా నిండి నల్లగా ఉంది. ఆయన గుమ్మం దగ్గరికి పరుగెత్తి, కారు, కారు అని అరిచాడు.

తలలో నెత్తురు పేరుకుంది, నిద్రపోయి ఉంటే లేచేది కాదు అన్నారు డాక్టర్లు. తల తెరిచి బతికించారు. మర్నాటి ప్రదర్శన ఇంకో అమ్మాయి చేసింది.

బొంగరం ఇప్పుడు మా ఊరి స్కేటింగ్ హాల్లో బూట్లు అద్దెకిచ్చే కిటికీ దగ్గర కూర్చుంటుంది. పాదం చూసి కొలత చెప్పేస్తుంది, అది చెప్పుల దుకాణంలో వచ్చిన విద్య. మంచు మీదికి మాత్రం వెళ్లదు. ఎవరైనా గిర్రున తిరుగుతుంటే గోడ పట్టుకుని తల తిప్పుకుంటుంది. పాత సంగతులన్నీ గుర్తున్నాయి, ఆ ఒక్క రోజు తప్ప.

చిట్టి ఇప్పుడు కోచ్. ఆట మాన్పించలేదు. పోటీలకి బొంగరాన్ని కూడా తీసుకెళ్తుంది, ఆ గదిలో నా కుర్చీ ఇప్పుడు ఆమెది. నేను మంచం అంచున సర్దుకుంటాను. పిల్లలందరూ పడి చూపించాక బొంగరం తల ఎత్తుతుంది.

"నా వంతు అయిందా?"

"అయిందక్కా, అదరగొట్టావు," అంటుంది చిట్టి. పిల్లలు చప్పట్లు కొడతారు. వాళ్లతోపాటు బొంగరమూ కొడుతుంది.

పోటీలు ఇప్పటికీ ఏటా ఆనాడు జరిగిన హాల్లోనే. బొంగరం పడింది ఎడమవైపు మూల. చిట్టి తన పిల్లలెవ్వరికీ మొదటి గెంతు ఆ మూల పెట్టదు. ఎందుకని ఒకసారి అడిగితే, "కుడివైపైతే జడ్జీలకి బాగా కనబడుతుంది పిన్నీ," అంది.

జడ్జీలు కూర్చునేది ఎడమవైపే.