ఆ మార్బుల్ మచ్చ యాదమ్మ పెద్దమ్మది కాదు

నిన్న పొద్దున ఏడింటికి పెద్దమ్మ కొడుకు శీనన్న ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది చెల్లె" అన్నాడు.

యాదమ్మ పెద్దమ్మ. మా అమ్మకు అక్క. వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట.

 

అది వినగానే నా మనసులోకి వచ్చిన మొదటి మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

"ఇక ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ లేరు."

ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

రాత్రి నుంచి మనవాళ్లంతా పెద్దమ్మ ఫోటో కింద కామెంట్లు పెడుతున్నారు. ఒకరు ప్రేమగానే, "మార్బుల్‌ని తినేసిన పెద్దమ్మ నిమ్మనీళ్లు గుర్తున్నాయా" అని రాశారు. దాని కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

అందుకే ఈ పోస్ట్.

చిన్నవాళ్లకు తెలియదు కాబట్టి చెప్తున్నా. తొంభైలలో మన ఇళ్లలో క్లీనింగ్ లిక్విడ్లు కొన్నది ఎవరు? పెద్దమ్మ ఉంది కదా. రావల్కోల్ నుంచి మేడ్చల్ వచ్చి, బస్టాండ్ దగ్గర సోడా బండి అతను పిండి పడేసిన నిమ్మచెక్కలు సంచి నిండా ఏరుకుపోయేది. ఉడకబెట్టి, రుబ్బి, వడగట్టి, కుంకుడు రసం, గుప్పెడు ఉప్పు కలిపి పాత సీసాల్లో పోసేది. నల్లాలు, కిటికీ అద్దాలు, జిడ్డు పట్టిన గ్యాస్ పొయ్యి, అన్నిటికీ అవే నీళ్లు. చారు చేశాక మిగిలిన చింతపండు పిప్పి కూడా పారేయనిచ్చేది కాదు, ఇత్తడి బిందెలు తోమాలని.

ఎవరింట్లో పెళ్లయినా రెండు రోజుల ముందే "యాదమ్మను పిలవండి, సీసాలు తెమ్మనండి" అనేవారు. ఆమెకు చదువు లేదు, భూమి అంతంత మాత్రమే. నలుగురిలో పేరు వచ్చింది ఆ సీసాల వల్లే.

రెండువేలు దాటిన కొత్తలో మేం పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. హాల్లో తెల్ల మార్బుల్. మా అత్తమ్మ ఏరికోరి వేయించుకున్నది. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు పెద్దమ్మ ఆరు సీసాలతో బస్సు దిగింది.

మార్బుల్ చూడగానే ఆగిపోయింది. పెరట్లో పడి ఉన్న ఒక మార్బుల్ ముక్క మీద నిమ్మచెక్క బోర్లించి పెట్టింది. కాసేపటికి తీసి చూపించింది. మెరుపు పోయి, గుండ్రంగా మసక మచ్చ.

"సూసినవా బిడ్డ, నిమ్మ గీ రాయిని తింటది. హాల్ల నా నీళ్లు వద్దు. ఉత్త కుంకుడు నీళ్లతోని తుడుస్త" అన్నది. "గీ ముక్క నేను కొంటవోత. తొక్కు జాడీ మీద మూతకు అక్కరకొస్తది."

మర్నాడు హాలంతా అలాగే తుడిచింది. మధ్యలో ఒకచోట సిమెంట్ మరక మాత్రం వదల్లేదు. "రేపు మళ్ల తుడుస్త" అని స్నానానికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

నాకు ఓపిక లేదు. మేస్త్రీ వదిలేసిన యాసిడ్ డబ్బా కనిపించింది. కొంచెం పోశాను.

బుసబుసా పొంగింది. తుడిచేసరికి సిమెంటూ పోయింది, మెరుపూ పోయింది. హాలు నడిమధ్యలో ప్లేటంత మచ్చ. వాసన పోవాలని కిటికీలన్నీ తెరిచాను.

సాయంత్రం అత్తమ్మ, మా ఆయన వచ్చారు. "గిక్కడేం పోసిన్రు?" అన్నది అత్తమ్మ.

నేను అన్నాను, "పెద్దమ్మ నిమ్మనీళ్లేమో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారడం కూడా కాదు. అత్తమ్మకు భయపడి, తెలిసి తెలిసి అన్నాను.

"ఊర్ల బండలు కడిగే నీళ్లు గీ మార్బుల్ మీద పోస్తరా యాదమ్మా?" అన్నది అత్తమ్మ.

పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది.

"నేనే పోసిన వదినె. ఎర్క లేక జేసిన. బిడ్డనేమనకున్రి."

నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ ఆ మచ్చ చూపించి కథ చెప్పారు. ఆ తర్వాత పెద్దమ్మను సీసాలు తెమ్మన్నవాళ్లు లేరు. "యాదమ్మ నీళ్లు రాళ్లను తింటయ్" అని ప్రతి పెళ్లిలో జోక్. నేనూ నవ్వాను. ఒకటి రెండుసార్లు ఆ జోక్ మొదలుపెట్టిందీ నేనే.

శామీర్‌పేట్‌లో మా చెల్లి పెళ్లికి పెద్దమ్మ ఉత్త చేతులతో వచ్చింది. "సీసాలు తేలేదేం పెద్దమ్మా" అని అడిగాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

"ఇప్పుడు ఎవ్వలకు కావాలె బిడ్డ, అన్ని దుకాన్ల దొరుకుతున్నయ్" అన్నది.

నిన్న అన్నీ అయిపోయాక, మంచినీళ్ల కోసం రావల్కోల్‌లో ఆమె వంటింట్లోకి వెళ్లాను.

తొక్కు జాడీ మీద ఆ మార్బుల్ ముక్క ఉంది. దాని మీద గుండ్రటి నిమ్మ మచ్చ.

ఆ జాడీలోంచి మనమంతా ఎన్నిసార్లు తొక్కు వేసుకుని తిన్నాం. ఒక్కసారి ఆ ముక్క చేతిలోకి తీసుకుని, "నిమ్మ రాయిని తింటదని నాకు ముందే ఎర్కనే" అని ఉంటే చాలు. అనలేదు. శీనన్నను అడిగాను, కన్నకొడుకుతో కూడా అనలేదట.

యాసిడ్ పోసింది నేను. అబద్ధం చెప్పింది నేను. అత్తమ్మా, మీరూ ఇది చదువుతారని తెలిసే రాస్తున్నా. ఆ జోక్ ఇంకా ఎవరైనా వేయాలనుకుంటే నా పేరు పెట్టి వేయండి.

పెద్దమ్మా, నువ్వుండగా నలుగురిలో చెప్పాల్సిన మాట, నువ్వు వినలేనప్పుడు చెప్తున్నా. క్షమించమని అడిగే ముఖం లేదు.

ఇన్నేళ్లు మోసిన నా తప్పు ఇక్కడ నా దగ్గర దించేసి పో. హాయిగా నిద్రపో పెద్దమ్మా.