దిగువ లేన్

2004లో సీలేరు వైపు ఒక ప్రాజెక్టు కాలనీలో నాకు స్విమ్మింగ్ కోచ్‌గా మొదటి ఉద్యోగం వచ్చింది. అక్కడి ఈతకొలను ఆఫీసర్ల కోసం కట్టింది. వాళ్లు గట్టున కూర్చుని టీ తాగేవారు. కప్పలు మాత్రం శ్రద్ధగా ఈదేవి. పక్కనున్న గిరిజన బాలికల హాస్టల్ పిల్లలకు ఈత నేర్పడం నా పని.

వాళ్లలో సుమిత్ర తొమ్మిదో తరగతి. గెడ్డలో, అంటే కొండవాగులో, ఈత నేర్చుకున్న పిల్ల. నేను కొత్తగా నేర్పింది టర్న్ ఒక్కటే: గోడ దగ్గర పల్టీ కొట్టి, కాళ్లతో తన్ని వెనక్కి తిరగడం. గెడ్డకు గోడలుండవు కాబట్టి ఆ ఒక్క విషయంలో నా చదువు పనికొచ్చింది.

జిల్లా జట్టు ఎంపికకు ఇంకా నెల ఉందనగా, సుమిత్ర మళ్లీ జ్వరమంటూ గట్టున కూర్చుంది. అంతకు ముందు నెలా అంతే. ప్రాక్టీసు ఎగ్గొట్టేవాళ్ల పేర్లు పంపవద్దని పైనుంచి గట్టిగా చెప్పారు. నుదురు ముట్టుకుని చూస్తే నాకంటే చల్లగా ఉంది.

"ఏం జ్వరం తల్లీ ఇది, కేలండర్ చూసుకుని వస్తోంది?"

తల దించుకుంది. "బయటున్నాను మేడమ్. ఎంపిక కూడా ఈ రోజుల్లోనే పడతాది."

నెలసరి, ఇంతేనా అనుకున్నాను. విశాఖపట్నం వెళ్లి టాంపన్లు తెచ్చాను. లోపల పెట్టుకునే చిన్న దూది చుట్ట అది. వచ్చేదాన్ని అక్కడే పీల్చుకుంటుంది. మందుల షాపతను ఆ ప్యాకెట్‌ను కాగితంలో చుట్టి, నల్ల కవరులో పెట్టి, బాంబు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. పిల్లలను కూర్చోబెట్టి, బొమ్మలు గీసి మరీ ఉపన్యాసం ఇచ్చాను. మర్యాదగా విన్నారు. ఒక్క ప్రశ్న వచ్చింది.

"మేడమ్, ఈ దారం దేనికి?"

"తీయడానికి."

దాంతో సభ ముగిసింది.

అందరూ వెళ్లాక సుమిత్ర ఆగింది. "మరక గురించి కాదు మేడమ్. మా ఊళ్లో ఆ రోజుల్లో కూడా గెడ్డకి ఎల్తాం. తాగే నీళ్లు పట్టే చోటుకి దిగువన దిగుతాం. ఎగువన దిగితే అందరికీ సెడ్డ. ఈ కొలనుకి ఎగువేటి, దిగువేటి? నాను దిగితే ఈళ్లందరికీ నానే సెరుపు సేసినట్టు కాదా?"

నా బొమ్మల్లో దీనికి బొమ్మ లేదు. అందులో చెడ్డేమీ లేదని మరో ఉపన్యాసం మొదలుపెట్టబోయి, ఆ ముఖం చూసి మానేశాను. కొలనులో నీళ్లు ఎటు పోతాయో చూపించాను. అవి నిలిచి ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిలవవు. ఒకటో లేన్ వైపు గోడ నుంచి వస్తాయి, ఆరో లేన్ వైపు జాలీగుండా పోతాయి. పంపు గదిలో ఇసుక ఫిల్టర్ వాటిని వడకడుతుంది. క్లోరిన్ కలిశాక మళ్లీ లోపలికి వస్తాయి.

సుమిత్ర ఒక ఎండుటాకు తెచ్చి ఒకటో లేన్ దగ్గర వేసింది. ఇద్దరం గట్టున కూర్చుని చూశాం. అంత ఉత్కంఠగా నేను చూసిన పోటీ ఇంకొకటి లేదు. అంత నెమ్మదైనదీ లేదు. చివరికి ఆకు వెళ్లి జాలీకి అతుక్కుంది.

"అయితే ఆరోది దిగువ," అంది. "అవ్వని అడిగి సెప్తాను."

సంత రోజు పసుపు అమ్ముకోవడానికి వచ్చిన అవ్వ, చుట్ట కాలుస్తూ కొలను చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఈ నీళ్లు ఎవులైనా తాగుతారేటి?"

"తాగకూడదవ్వా, మందు కలుపుతాం."

"తాగని నీళ్లకి ఇంత గొడవేటి? మా గుంట సుమిత్ర దిగువన దిగుతాది. నొప్పొస్తే మాత్రం బలవంతం సెయ్యకు, టీచరమ్మా."

అలా ఆరో లేన్ దిగువ లేన్ అయింది. నల్ల కాస్ట్యూమ్, గట్టున ముదురు రంగు తువ్వాలు, బట్టలు మార్చుకునే గదిలో నాప్‌కిన్లు ఏర్పాటు చేశాం. నొప్పి ఉన్నవాళ్లకు డ్రైల్యాండ్, అంటే గట్టు మీద చేసే తేలిక వ్యాయామం. అదీ వద్దంటే విశ్రాంతి. ఆ లేన్‌లో ఉంటే విషయం అందరికీ తెలిసిపోతుందే అని నేను దిగులుపడేలోగా, మిగతా పిల్లలు కూడా ఊరికే అందులోకి దిగడం మొదలుపెట్టారు. ఎవరికి అవసరమో, ఎవరు తోడుకో నాకే తెలిసేది కాదు. ఐదు లేన్లు ఖాళీ, ఒక్కదాంట్లో ట్రాఫిక్.

ఎంపిక పోటీలు విశాఖపట్నంలో. సుమిత్ర అనుకున్నట్టే అవి ఆ రోజుల్లోనే పడ్డాయి. ఇచ్చింది మూడో లేన్. ఏ అబద్ధం చెప్పి మార్పించాలా అని నేను తంటాలు పడుతుంటే, ఆమె గట్టున వంగి కొలనులోకి చూస్తోంది. అక్కడ నీళ్లు అడుగునున్న రంధ్రాల్లోంచి ఊరి, అంచుల మీదుగా పొర్లి పోతున్నాయి.

"నీళ్లు అడుగు నుంచి వత్తన్నాయి మేడమ్. ఈదేది పైన. ఇక్కడ అందరం దిగువే. బేగి రండి, పిలుత్తన్నారు."

రెండో స్థానంలో వచ్చింది. జట్టులో పేరు పడింది.

తర్వాత చాలా ఊళ్లలో, చాలామంది అమ్మాయిలకు ఈత నేర్పాను. ఎవరైనా దిగనంటే, "మీ ఇంటి దగ్గర ఎలా చేస్తారు?" అని ముందు అడుగుతాను. ఆ ప్రశ్న నాకు ఇచ్చింది సుమిత్రే. తోడుగా దిగిన ఆ పిల్లలకూ నా కృతజ్ఞతలు. ఆ రోజు ఆమె నిజం చెప్పకుండా మళ్లీ జ్వరమనే అని ఉంటే, ఆ కొండల్లోకెల్లా మంచి ఈతగత్తెను బద్ధకస్తురాలని పైకి రాసి పంపేదాన్ని, చక్కటి చేతిరాతతో.