పక్కచేను నీటి వంతు

ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషికి అసహ్యమంటే ఏమిటో తెలియకూడదు. ఆమెకు నిజంగానే తెలియదు. పురుగులు పట్టిన పుండు కడిగి, చేతులు తోముకుని, ఆ పక్క గదిలోనే కూర్చుని కడుపునిండా భోంచేసేది. సూది పట్టుకుని వీధిలోకి వస్తే పిల్లలు కాళ్ళకు బుద్ధి చెప్పేవారు. వాళ్ళు పెట్టిన పేరే సూదమ్మ. పోను పోను పెద్దవాళ్ళ నోటా అదే పడింది. ఎవరింటి తలుపైనా తట్టినప్పుడు లోపలినుంచి "ఎవరూ?" అంటే, "నేనే, సూదమ్మని" అని ఆమే చెప్పేది.

భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఉన్నదల్లా మరిది, తోడికోడలు. ఒకే ఇంట్లో ఇటు వాటాలో ఆమె, అటు వాటాలో వాళ్ళు. ఉద్యోగం అయిపోయాక ఊరి చివర ఒక చేను కొంది. సేద్యం తను చూసుకుంటానన్నాడు మరిది. అమ్మినవాడు గట్టు మీద నిలబడి చెయ్యి చాపి, "అదిగోనమ్మా కాలువ. ఇక్కడ తుమ్మితే అక్కడ వినపడుతుంది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

దుక్కి దున్నించి, తూము ఎత్తుదామని మరిదిని వెంటబెట్టుకుని వెళ్తే, కాలువ కాపలా చూసే లస్కరు అడ్డం వచ్చాడు.

"ఈ తూము నీళ్ళు మీ చేనుకి కాదమ్మా. మీకు వంతు లేదు."

"కాలువ పక్కనున్న చేనుకి వంతు లేకపోవడమేమిటి?"

"ఉండేది. మీకు అమ్మినాయన ఎప్పుడో తన అల్లుడి చేనుకి మార్పించేశాడు. మీకు అమ్మింది ఉత్త మట్టే."

వంతు అంటే ఏ చేనుకు ఏ రోజు ఎంతసేపు నీళ్ళు పారాలో చెప్పే హక్కు. అది మట్టిని అంటిపెట్టుకునే ఉంటుందని సూదమ్మ అనుకుంది, అందరూ అనుకునేదే. నీటి సంఘం తలూపితే దాన్ని ఒక చేను నుంచి ఊడదీసి ఇంకో చేనుకు తగిలించవచ్చని ఇప్పుడు తెలిసింది. కాలువలో కొత్త వంతులకు చోటు లేదు. కావాలంటే ఎవరిదో ఒకరిది పోవాలి.

సంఘం పెద్దను అందరూ వెన్నపూస అంటారు. గొంతు పెంచడు, కసరడు, ఎదుటివాడిని కూర్చోబెట్టిగాని మాట మొదలుపెట్టడు. సంఘం గది ఎరువుల దుకాణం మీద మేడపైన ఉంది. మెట్లెక్కేసరికే కళ్ళు మండాయి. బల్ల మీద పరిచిన అద్దం కింద ఎన్నాళ్ళనాటివో చచ్చిన ఈగలు అణిగి ఉన్నాయి. వెన్నపూస తాళంచెవితో చెవి తిప్పుకుంటున్నాడు. తీసి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకుని నవ్వాడు.

"రండమ్మా. మా పిల్లలిద్దరినీ భూమ్మీద వేసిన చేతులు మీవి. మీకు దారి చూపించకపోతే నాకు పుట్టగతులుంటాయా? దారి మీ పక్కచేలోనే ఉంది."

పక్కచేను పెద్దాయన పక్షవాతంతో మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. చేను బీడు పడింది. వరసగా మూడేళ్ళు నీళ్ళు వాడకపోతే వంతు సంఘానికి తిరిగి వస్తుంది, సంఘం దాన్ని ఆనుకుని ఉన్న చేనుకు ఇవ్వొచ్చు. అయితే ఇష్టపడి సేద్యం వదిలేశాడని సరిహద్దు రైతు ఒకరు తనిఖీకి వచ్చే కాలువల ఇంజనీరు ముందు చెప్పాలి.

"జబ్బు వల్ల మానేస్తే ఆ రూలు వర్తించదు. అందుకని జబ్బు మాట ఎత్తకండి" అన్నాడు వెన్నపూస.

"రోజూ ఆయనకి సూది వేస్తున్నదే నేను కదయ్యా."

"అదేనమ్మా మన అదృష్టం. సూదమ్మే జబ్బు లేదన్నాక ఇంకెవరు అడుగుతారు?"

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత మెత్తగా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. మురుగుకాలువ దగ్గరికి వెళ్ళేదాకా కూడా ఆగలేకపోయింది. ఎరువుల కొట్టువాడు నీళ్ళు తెచ్చిస్తూ, "మందుల వాసనమ్మా, కొత్తవాళ్ళకి పడదు" అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్తే మరిది తాపీగా విన్నాడు.

"అందులో తప్పేముంది వదినా? నువ్వు చెప్పకపోతే ఇంకొకరు చెప్తారు. ఎటూ పోయే నీళ్ళేగా. మన చేలోకి పోతే పాపమా?"

"పాపమో పుణ్యమో నాకు తెలీదు. కంపు కొడుతోంది."

"కంపుకి ముక్కు మూసుకోవాలిగాని చేను ఎండబెట్టుకుంటారా?"

ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన కూతురు ముందుగదిలో బట్టలు కుడుతోంది. ఇద్దరూ కలిసి ఆయన్ని పక్కకు తిప్పారు. నడుము కింద ఒరుసుకుపోయిన చోట సూదమ్మ మందు రాస్తుంటే, కూతురు, "ఈసారి నేనే విత్తుతానక్కా. నాన్న మంచంలోంచి చెప్తాడు, నేను చేస్తాను" అంది. సూదమ్మ చెయ్యి ఆగింది. మేడ మీద విన్నదంతా పొల్లుపోకుండా చెప్పేసింది.

పెద్దాయన కష్టం మీద మాట కూడదీసుకున్నాడు.

"నీ చేనుకి... నీళ్ళు లేవా, తల్లీ?"

"లేవు."

"నాదాంట్లో... సగం తీసుకో."

మర్నాడు కూతురూ ఆమే కలిసి మేడెక్కి అదే అడిగారు. వెన్నపూస బాధపడిపోయాడు. ఒక వంతును ఇద్దరికి చీల్చే రూలు లేదన్నాడు. తండ్రి ఆరోగ్యం అడిగాడు. కిటికీలోంచి చూస్తే అతని బావమరిది చేపల చెరువులు నిండుగా మెరుస్తున్నాయి. వాటికి ఏ వంతులోంచి నీళ్ళు వస్తున్నాయని కూతురు అడిగితే, "అన్నీ దేవుడి నీళ్ళేనమ్మా" అన్నాడు.

తనిఖీ రోజు సూదమ్మకు ఎవరూ కబురు పెట్టలేదు. కూతురు పరుగున వచ్చి పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళింది. కాలువగట్టు మీద గొడుగు కింద ఇంజనీరు, పక్కన వెన్నపూస. వాళ్ళ ముందు చేతులు కట్టుకుని మరిది.

"మా వదిన తరఫున నేను చెప్తున్నానండి. పెద్దాయనకి సేద్యం మీద మనసు లేదు, వదిలేశాడు. మంచంలో ఏమీ లేడు."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఏ కలవరమూ లేదు. ఇంట్లో అన్నం వడ్డించుకునేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఆ చేతులు ఇచ్చిన మంచినీళ్ళే సూదమ్మ తాగింది.

"చేను నాది. నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు" అంది ఇంజనీరుతో. "ఆయన మూడేళ్ళుగా మంచం దిగలేదు. నా చేత్తోనే సూది వేస్తున్నాను. రండి, ఇల్లు దగ్గరే, చూద్దురుగాని."

ఇంజనీరు వెన్నపూస వైపు చూశాడు. వెన్నపూస నిట్టూర్చాడు.

"ఒకే ఇంట్లో రెండు మాటలు. ఇది తగువు కిందికి వస్తుంది కదా సార్."

తగువు కిందే రాసుకున్నారు. తగువు తేలేదాకా ఆ వంతు సంఘం చేతిలో ఉంటుందన్నారు. పెద్దాయన ఇంటి వైపు ఎవరూ కాలు కదపలేదు. ఆ వారం నుంచే పక్కచేను నీళ్ళు నేరుగా చేపల చెరువుల్లోకి మళ్ళాయి.

ఇంటికి వచ్చి సూదమ్మ రెండు వాటాల మధ్య తలుపుకు తన వైపు నుంచి గడియ వేసింది. మరిది బయట నిలబడి, "నీ కోసమే కదా వదినా చేశాను" అన్నాడు. ఆ తర్వాత ఆమె తోడికోడలితో మాట్లాడింది గాని అతనితో మాట్లాడలేదు. సేద్యం కూలివాళ్ళతో తనే చేయించుకుంది. వానను నమ్ముకుని ఉలవలు చల్లింది.

తగువు తేలడానికి ఏడాది దాటింది. వంతు కూతురి పేర తిరిగి వచ్చింది గాని, అప్పటికి మంచం ఖాళీ అయింది. సగం వంతు సంగతి మళ్ళీ అడిగితే మళ్ళీ రూలు లేదన్నారు.

ఆ ఎండాకాలంలోనే సంఘానికి ఎన్నికలు వచ్చాయి. ఓటు వంతు ఉన్నవాళ్ళకే గనక సూదమ్మకు లేదు. వెన్నపూస ఇంటింటికీ వచ్చి దండం పెట్టాడు, ఓటు లేని ఆమెకూ పెట్టాడు. ఆమె గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. లెక్కపెడితే అతనికి వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. అదెవరిదో తెలుసుకోవడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది.

తర్వాతి వంతు రోజున కూతురి తూముకు నీళ్ళు సగమే వచ్చాయి. పైన ఎక్కడో గండి పడిందని లస్కరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆడవాళ్ళిద్దరూ గట్టు మీద నిలబడి, ఆ నీళ్ళు ఎంతవరకు వస్తాయో చూస్తూ ఉండిపోయారు. చేను మధ్యదాకా వచ్చాయి.