పొగలేని పొయ్యిలో తాలుకాయలు

మొన్న శుక్రవారం మన రెంటచింతల ఆడపిల్లల బడికి పొద్దున్నే సెలవిచ్చారుగా, అది ఇచ్చింది హెడ్మిస్ట్రెస్ సిస్టర్ అనుకుంటన్నారు మీరంతా. కాదు వదినా, నేను. నవ్వబాకండి, టీ ఒలికిద్ది. మొదట్నుంచీ చెప్తా.

మా సరుకుల కొట్టు వెనక వంటగది ఉందిగా. అక్కడ నేను చేసే జంతికలూ చెక్కలే మా కొట్టుకి ప్రాణం. పప్పూ ఉప్పూ ఎవరి దగ్గరైనా దొరుకుతాయి, మా దగ్గరికి జనం వచ్చేది జంతికల కోసం. గోడకి అవతలేమో బడి. నా పొయ్యి పొగంతా వాళ్ల క్లాసుల్లోకి. ఓపిక పట్టీ పట్టీ సిస్టర్ ఒకరోజు వచ్చి, పొగన్నా ఆపు, వంటన్నా ఆపు అని తేల్చి చెప్పింది. కొట్టు ఉన్న స్థలం చర్చిది. ఆమె కాదంటే ఇంక మేం సర్దుకోవాల్సిందే. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

అప్పుడు దేవుడల్లే వచ్చాడు గ్రామసేవక్. పంచాయతీ సమితి తరఫున పొగలేని పొయ్యి కట్టిస్తామన్నాడు. మట్టిపొయ్యే, కాకపోతే దానికో పొడుగాటి గొట్టం. పొగంతా అందులోంచి బయటికి పోయిద్దంట. చెట్లు కొట్టే పని లేదు, పారేసేది ఏదైనా అందులో కాల్చుకోవచ్చన్నాడు. అసలే నేను గడ్డిపోచ కూడా పారెయ్యను. శనక్కాయ పొట్టు, పత్తికట్టె, కొట్టు ఊడ్చిన చెత్త, అన్నీ పొయ్యిలోకే. గోడలకి సున్నం కూడా కొట్టించా. మా ఆయన మాత్రం గొట్టం వంక చూసి, "ఇది ఎటు పోయిద్దే?" అన్నాడు. పైకి పోయిద్ది, వంటింటి సంగతి నీకెందుకని కసిరా.

శుక్రవారం చూట్టానికొస్తానని సిస్టర్ కబురు పెట్టింది. ఆ పొద్దున నూనె కాగే వేళకి శనక్కాయ పొట్టు అయిపోయింది. కొట్టులోకి పోయి చూస్తే మూలన ఒక గోతం. పైన మిరపకాయల తొడిమలు, కింద రంగుపోయి ఎవరూ కొనని తాలుకాయలు. కాసేపు ఆలోచించాన్లే, అబద్ధం చెప్పను. పొగే రాని పొయ్యికి ఘాటెక్కడిది అనుకుని కుమ్మరించా.

సిస్టర్ వచ్చింది. నిజం వదినా, వంటింట్లో ఇసుమంత పొగ లేదు. ఆమె గోడ మీద వేలు రాసి చూసుకుంది, మసి అంటలేదు. చానా బాగుంది మరియమ్మా అని జంతిక కూడా తీసుకుంది. నేను ఆగొచ్చుగా? పొట్లాలకి కాయితం వాడను సిస్టర్, మోదుగాకులే, కడుగునీళ్లు కరివేపాకు చెట్టుకే అని ఏకరువు పెడతన్నా.

అవతల ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. తర్వాత క్లాసు క్లాసంతా. గొట్టం మూతి సరిగ్గా మూడో క్లాసు కిటికీకి ఎదురుగా ఉందని నాకు అప్పుడు తెలిసింది. పిల్లలు పలకలు మొహాలకి అడ్డం పెట్టుకుని బజార్లోకి పరుగు, వాళ్ల వెనక ముక్కు చీదుకుంటా పంతులమ్మ. బస్సు కోసం నిలబడ్డ మాచర్ల వాళ్లకి కూడా తుమ్ములే.

మా ఆయన నోరు ఊరుకోదుగా. కళ్లు తుడుచుకుంటా, "ఇంత ఘాటొచ్చిందంటే మన బడికి దిష్టే లేదు సిస్టర్" అన్నాడు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఘాటు రాకపోతేనేగా దిష్టి తగిలినట్టు. సిస్టర్ నవ్వలేదు. చేతిలో జంతిక పళ్లెంలో పెట్టేసింది.

"పొగ లేదు మరియమ్మా, నిజమే" అంది నిదానంగా. "బడిలో పిల్లలు కూడా లేరు."

అయిపోయింది, కొట్టు ఎత్తేయమంటదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటన్నా. ఎత్తేయమనలేదు. గొట్టం బడి కప్పు దాటి పైకి లేపమంది, తాలుకాయ ఆ పొయ్యి దరిదాపుల్లో కనపడకూడదంది. పోతా పోతా పళ్లెంలో జంతిక మళ్లీ తీసుకుంది. అప్పుడొచ్చింది నాకు ఊపిరి.

అంతటితో వదిలిందిలే అనుకున్నా. ఇవాళ పొద్దున కొట్టు తలుపు తీస్తే గడప మీద ఏందో గుడ్డమూట. విప్పితే నిండా తాలుకాయలు. తలెత్తి చూస్తే, బడి గేటు దగ్గర మూడో క్లాసు పిల్లలంతా చేతులు కట్టుకుని నా వంకే చూస్తన్నారు.

ఇవాళ వాళ్లకి లెక్కల పరీక్షంట వదినా.