మద్దిలేటన్న విన్న చప్పుడు

ఈ మధ్యాహ్నం మా వీధిలో ఎవరో రిమోట్ కారు నడుపుతున్నారు. సీసాలో చిక్కిన కందిరీగలా సన్నగా, ఆగకుండా దాని మోత కిటికీలోంచి వచ్చింది. నా చేయి తెలియకుండానే గోడను పట్టుకుంది. ఆ మోత వింటే నాకు ముందు గుర్తొచ్చేది కార్లు కాదు, వెల్డింగ్ మేస్త్రీ మద్దిలేటన్న.

డిప్లొమా అయ్యాక నేను ఒప్పుకున్న మొదటి పనిలో ఆయన్ని కలిశాను. బెళుగుప్ప దగ్గర, వేరుశనగ వేయడం మానేసిన ఒక బీడులో, ఒకాయన రిమోట్ కార్ల పోటీలకు మట్టి ట్రాకు వేయించాడు. మలుపులన్నీ కనబడాలంటే కార్లు నడిపేవాళ్లు ఎత్తున నిలబడాలి. అందుకు ఇనుప స్తంభాల మీద పలకలు పరిచి, ఒక మంచె కట్టాలి. గీసింది నేను, కట్టేది మద్దిలేటన్న. నా డ్రాయింగును ఆయన చాలాసేపు చూశాడు.

"అన్నీ బాగుండాయి పాపా. దీంట్లో మట్టి యాడుండాది?" అన్నాడు. మట్టి పరీక్ష చేయించలేదని ఒప్పుకోలేక నవ్వేసి ఊరుకున్నాను.

మంచె నిలబెట్టిన మర్నాడు మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయింది. దూరంగా గాలిమరల రెక్కలు కదలడం లేదు. ఎక్కడా పిట్ట అరుపు కూడా లేదు. మద్దిలేటన్న మోకాళ్ల మీద కూర్చుని మూల స్తంభానికి చెవి ఆనించి ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. నేనూ చెవి పెట్టాను. ఎండకు కాలిన ఇనుము చెంపకు చురుక్కుమంది. ఎంతో కిందనుంచి, టక్. కాసేపాగి, టక్. మళ్లీ అంతే సేపాగి, ఇంకోసారి. తలుపవతల నిలబడిన మనిషి ఓపిగ్గా తడుతున్నట్టుంది. తలెత్తి చూశాను. మంచె మీద ఎవరూ లేరు. ఆయన నన్నేమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

సాయంత్రం యజమాని వచ్చాడు. ఆదివారమే పోటీ.

"దీనిమీద ఎవర్నీ ఎక్కనియ్యద్దు సార్" అన్నాడు మద్దిలేటన్న.

"ఎందుకప్పా? కింద ఏముండాది?"

"నాకు తెల్దు. తెల్దు కాబట్టే వద్దంటాండా."

యజమాని నా వైపు తిరిగాడు. "నువ్వు కదమ్మా ఇంజనీరు. నీకేమన్నా అనుమానముండాదా?"

చెవిలో ఆ చప్పుడు ఇంకా ఉంది. "లెక్క ప్రకారం సరిపోతుంది సార్" అన్నాను.

మద్దిలేటన్న నా వైపు చూడనైనా లేదు. గ్యాస్ కట్టర్ తీసుకుని మంచె మెట్లను రెండు చోట్ల కోసి కింద పడేశాడు. యజమాని తిడుతుండగానే సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆదివారంలోగా మెట్లు అతికే మనిషి దొరకలేదు. పోటీకొచ్చినవాళ్లు ట్రాక్టరు ట్రాలీ ఎక్కి కార్లు నడిపారు. మూడో పోటీ సగంలో ఉండగా ఖాళీ మంచె ఒక మూలకు ఒరిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. ఎవరో కాళ్లు పట్టి లాగుతున్నట్టు, నెమ్మదిగా, సగం దాకా ఎర్రమట్టిలోకి దిగిపోయింది. రిమోట్లు పట్టుకున్నవాళ్లంతా అటే చూస్తూ ఉండిపోయారు. వాళ్లు వదిలేసిన కార్లు గట్టుకు గుద్దుకుని అరుస్తూనే ఉన్నాయి. ఎప్పుడో పూడ్చేసిన బావి మీద మంచె కట్టామని తరువాత తెలిసింది.

ఆ సాయంత్రమే మద్దిలేటన్న ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను.

"ఎవరన్నా ఎక్కినారా?"

"లేదన్నా."

కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు మట్టి జారినదేనా అని అడిగాను.

"నువ్వు గూడా విన్న్యావా పాపా? నువ్వేమీ అనకపోతే నా తలకాయే చెడిందేమో అనుకుంటి. మెట్లు కోసేటప్పుడు గూడా అదే అనుకుంటాంటి."

తన చెవులను తానే నమ్మలేని స్థితిలో కూడా ఆయన ఆ పని చేశాడు. నేను ఒక్క మాట అని ఉంటే ఆయన ఒంటరివాడు కాకపోయేవాడు. మద్దిలేటన్న పోయి చాన్నాళ్లయింది. ఆ తట్టినదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ పనిలోనైనా కాస్త సందేహం వస్తే, "నాకు తెలియదు, పని ఆపండి" అని అందరి ముందూ అంటాను. ప్రతిసారీ నేనే పొరబడ్డానేమో అనిపిస్తుంది. అయినా అంటాను.