మావ సంచిలో కాయ

మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఆడినా, కొబ్బరికాయలు ఒలిచే మావ మాతోపాటు చూడ్డానికి వచ్చేవాడు. జట్టు గెలిస్తే కొడతానని మొక్కుకున్న కాయ ఒకటి ఆయన సంచిలో ఉండేది. ఏడాది పైగా అదే కాయ. మనవాళ్ళు ఓడిన ప్రతిసారీ దాన్ని చెవి దగ్గర ఊపి, "ఇంకా నీళ్ళున్నాయిరా. మళ్ళీ ఆట సూద్దుం," అనేవాడు. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఇంకెప్పుడూ రాకూడదని ఒట్టేసుకుని, మళ్ళీ ఆయన వెనకే బస్సెక్కేవాళ్ళం.

కోటబొమ్మాళిలో ఐదు గోల్స్ తింటామనుకున్న రోజున ఒక్క గోల్‌తో గెలిచాం. నమ్మలేక రెఫరీని రెండుసార్లు అడిగాం. మావ గోల్‌పోస్టు దగ్గరి రాయి మీద కాయ కొట్టాడు. చుక్క నీరు కారలేదు. లోపల కొబ్బరి ఎండి కురిడీ అయిపోయింది.

"నీళ్ళున్నాయన్నావు గదా మావా," అన్నాను విసుగ్గా.

"అవెప్పుడో ఇంకిపోయాయి," అన్నాడు, కురిడీ ముక్క నా చేతిలో పెడుతూ. "ఆ మాట సెప్తే మీరొచ్చీవోరేటి?"