పాండా పిల్లకు తీసిన దిష్టి

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. రాయచోటి దగ్గర పల్లె నుంచి కువైట్‌లోని సల్వాకు ఇంటిపనికి వచ్చి అప్పటికి రెండు నెలలే. అరబ్బీలో నలభై మాటలు వచ్చు, అందులో ముప్పై తిట్లే (నన్ను తిట్టినవి కావు, ఆ ఇంటి డ్రైవర్ అన్న రోడ్డు మీద ఎదుటి కార్లను తిట్టేవి). పనికి ఎప్పుడూ భయపడలేదు గానీ, ఒక మాట దాచుకోలేక చచ్చేదాన్ని. మేస్త్రీ పనిలో పడి మా ఆయన నడుము విరిగి మంచం పడితే, తొమ్మిది నెలల కూతుర్ని మా అక్క ఒళ్ళో పెట్టి విమానం ఎక్కినదాన్ని నేను. “చంటిబిడ్డ ఉండాదంటే ఏ కఫీలూ పెట్టుకోడు, ఆరేండ్ల బిడ్డని చెప్పు” అని ఏజెంటు నేర్పించాడు (కఫీలంటే అక్కడ పనికి పెట్టుకునే యజమాని). అలాగే చెప్పాను. అబద్ధం బయటపడితే వెనక్కి పంపేస్తారు, పంపేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే బిడ్డ గుర్తొచ్చినప్పుడల్లా ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఆ ఇంట్లో వాళ్ళు ఆ రెండు నెలల్లో తిన్నన్ని ఉల్లిపాయలు జన్మలో తిని ఉండరు.

ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. మా మామాకు ఏడేళ్ళ కూతురు, నేను బంగారూ అని పిలిచేదాన్ని. ఒకరోజు బంగారు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ట్యాబ్‌లో ఒక పాండాను చూపించింది. ఏదో దేశంలో జంతువులను పెంచే చోట అది ఈనిందట, గదిలో కెమెరా పెట్టి రాత్రింబవళ్ళు చూపిస్తున్నారు. తల్లి చూస్తే వడ్లబస్తాలా ఉంది, పిల్లేమో ఎలుకపిల్లంత, ఎర్రగా, ఒంటి మీద జుట్టన్నదే సరిగ్గా లేదు. తల్లి దాన్ని రొమ్ముకు హత్తుకుని కూర్చుంది. తిండికి కూడా లేవడం లేదట. కాపలా మనిషి వెదురు కొమ్మ చూపించి బతిమాలుతున్నాడు (బాలింతకు వెదురేమిటి నాయనా, కాస్త వెల్లుల్లి కారం కలిపిన అన్నం పెట్టరాదూ!). మా వైపు పురుడు తీరేదాకా పరాయివాళ్ళకు బిడ్డ మొహం చూపించం. ఇక్కడేమో లోకమంతా కళ్ళప్పగించి చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

ఈ అన్యాయం డ్రైవర్ అన్నకు చెప్పుకున్నాను. ఆయనది నిజామాబాదు.

“గది ఎలుగుబంటి చెల్లె. దానికి దిష్టేంది? నీకు పని తక్కువైనట్టుంది!”

“ఎలుగుబంటైతే ఏందన్నా, బిడ్డ బిడ్డే. తల్లికి దేవుడే కండ్ల సుట్టూ కాటిక పెట్టి పంపినాడు. పిల్లకి పెట్టను మర్సిపోయినాడు సూడు!”

నాలుగోనాడు సాయంత్రం ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. గుప్పెడు ప్రాణానికి అంత గొంతు ఎక్కడిదో! తల్లి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నాకుతూ అల్లాడిపోతోంది. ఇంకేముంది, దిష్టి తగిలిందని తేల్చేశాను. హాల్లో మామా చుట్టాలు లేచే వేళ. వెళ్ళేముందు వచ్చినవాళ్ళకు ఊదు పొగ పట్టడం అక్కడి మర్యాద, అందుకోసం వంటింట్లో ధూపపు గిన్నెలో బొగ్గులు రాజేసి ఉంచాను. గుప్పెడు ఉప్పు, మా అక్క మూటకట్టి పంపిన ఎండుమిరపకాయలు ఏడు తీసుకుని, బంగారు ఒళ్ళో ఉన్న ట్యాబ్ చుట్టూ మూడుసార్లు తిప్పాను. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కెమెరా దిష్టి” అని బంగారు చేత థూ థూ అనిపించి, కనబడ్డ నిప్పుల్లో పడేశాను. ఆ నిప్పులు ఎవరివో అప్పుడు గుర్తు రాలేదు. అంతలో “యల్లా, యల్లా” అంటూ మామా వచ్చి, నేను నోరు తెరిచేలోపే గిన్నె మీద ఊదు ముక్క వేసి హాల్లోకి పట్టుకుపోయింది.

మొదటి పెద్దావిడ పొగను రెండు చేతులా మొహం మీదికి తీసుకుంది. ఆ తర్వాత మొదలైన దగ్గులు వీధి చివర కారు తుడుస్తున్న అన్నకు కూడా వినిపించాయట. దిష్టి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదని మా అమ్మమ్మ చెప్పేది. ఆ లెక్కన పాండా పిల్లకు ఆవగింజంత దిష్టి కూడా లేదు.

చుట్టాలు ముక్కులు మూసుకుని వెళ్ళాక మామా ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి నిలబడింది. నాకున్న నలభై మాటల్లో దిష్టికి ఒకటుంది. “ఐన్ మామా, ఐన్! చిన్న బేబీ” అన్నాను. దిష్టంటే వాళ్ళకు మనకంటే ఎక్కువ భయం. మామా మొహం మెత్తబడింది. “నా కూతురికా?” అంటూ బంగారును దగ్గరికి తీసుకుంది.

“నాకు కాదు, పాండాకు” అని బంగారు ట్యాబ్ ఎత్తి చూపింది.

మామా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకుంటే పోయేది. కానీ తెరమీద ఆ తల్లి పిల్లను గడ్డం కింద దాచుకుంటోంది, నా చేతులు ఖాళీగా ఉన్నాయి. వెక్కివెక్కి ఏడ్చేశాను. “నా బిడ్డ కూడా చిన్నది, పదకొండు నెలలు” అని వేళ్ళు చూపించి మరీ చెప్పేశాను.

“ఆరేళ్ళన్నావే?”

మామా “ఖలాస్” అని లోపలికి వెళ్ళింది. నా కథ ఖలాస్ అనుకున్నాను, పాస్‌పోర్టు తేవడానికే వెళ్ళిందనుకున్నాను. తెచ్చింది నా ఫోను. శుక్రవారం తప్ప ఇవ్వకుండా బీరువాలో పెట్టే ఫోను. “రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మాట్లాడు. ముందు నీ బిడ్డకు తియ్యి, తర్వాత ఎలుగుబంటికి” అంది, సగం మాటలతో సగం సైగలతో.

అప్పుడే అక్కకు వీడియో కాల్ చేశాను. నా కూతురు నన్ను గుర్తుపట్టక అక్క భుజంలో మొహం దాచుకుంది. అయినా ఫోను చుట్టూ ఉప్పు తిప్పాను (మిరపకాయలు మామా లాగేసుకుంది).

“ఏందిమే, పోను సుట్టూ ఉప్పు తిప్తాండావు! తిక్కగాని పట్టిందా?” అని అక్క కేకలేసింది.

నెల తిరిగేసరికి పాండా పిల్లకు కళ్ళ చుట్టూ నల్లమచ్చలు వచ్చాయి. అది నా ఉప్పుమిరపకాయల చలవేనని సల్వాలో తెలుగు తెలిసిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు నా కూతురికి పదకొండేళ్ళు, నేను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను. మొన్న వీడియో కాల్‌లో ఈ కథంతా చెబితే విరగబడి నవ్వి, “నాకంటే ముందు దానికి తీసినావా మా!” అని మూతి ముడుచుకుంది. అంతలోనే దానికేం తోచిందో, “కదలగాకు మా, అట్టనే ఉండు” అని వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు ఉప్పు తెచ్చి, దానికి తోచిన దిష్టులన్నీ పేరుపేరునా చెబుతూ ఫోను చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. నవ్వొచ్చింది, కళ్ళూ నిండాయి. అది మూడుసార్లు తిప్పేదాకా కదలకుండా కూర్చున్నాను.